ఒక్క బేరింగ్‌లో దాక్కున్న పదేళ్ల కంపెనీ: ఎం.ఎం.ఏ. రైల్వే, 5017 ఇంజన్

డీజిల్ షెడ్‌లో ఫిట్టర్‌గా చేరి, లోకో ఇన్‌స్పెక్టర్‌గా రిటైర్ అయ్యాను. చివరి కొన్నేళ్లు కొత్త అసిస్టెంట్ లోకో పైలట్లకి బ్రేకుల క్లాసు చెప్పేవాణ్ణి. ఆ క్లాసు ఎప్పుడూ ఒకే కేసుతో మొదలయ్యేది. మన దేశంలోది కాదు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రం, కెనడాలోని క్యూబెక్ మధ్య తిరిగిన ఓ చిన్న సరుకు రవాణా రైల్వేది. పేరు మాంట్రియల్, మెయిన్ అండ్ అట్లాంటిక్. అందరూ ఎం.ఎం.ఏ. అంటారు. 2003 జనవరిలో మొదలై 2014కల్లా ముగిసిపోయింది. నిండా పన్నెండేళ్లు కూడా బతకలేదు. 2013లో దాని చమురు రైలు ఒకటి మనిషి లేకుండా దొర్లి, క్యూబెక్‌లోని లాక్-మెగాంటిక్ ఊళ్లో పట్టాలు తప్పి అంటుకుంది, 47 మంది చనిపోయారు.

క్లాసులో ఈ ప్రమాదం సంగతి చెప్పగానే వెనక బెంచీ నుంచి ఒకటే జవాబు వచ్చేది: "డ్రైవర్ హ్యాండ్ బ్రేకులు సరిగ్గా వేయలేదు సార్." తప్పు జవాబు కాదు. కానీ నేను షెడ్ మనిషిని. నాకు ఈ కంపెనీ కథ బ్రేకు చక్రం దగ్గర కాకుండా ఆ రైలుని లాగిన 5017 నంబరు ఇంజన్ లోపల, వాల్వుల్ని ఆడించే క్యామ్ షాఫ్ట్ బేరింగ్ కూర్చునే రంధ్రంలో, అంటే బోరులో మొదలైనట్టు కనిపిస్తుంది.

ముందు కంపెనీ గురించి. మెయిన్ రాష్ట్రం ఉత్తరాన అంతా అడవి, బంగాళదుంప పొలాలు. అక్కడ 1891 నుంచి బాంగర్ అండ్ అరూస్టూక్ అనే రైల్వే నడిచింది. బంగాళదుంపలు, కలప, కాగితం, ఈ మూడే దాని బతుకు. 1969-70 చలికాలంలో ఆ దుంపలు వేరే రైల్వే యార్డుల్లో ఆగిపోయి గడ్డకట్టి పాడయ్యాయి. రైతులు లారీలకి మారిపోయారు, ఇక వెనక్కి రాలేదు. మిగిలింది కాగితం. అదీ నమ్ముకోదగ్గది కాదని తర్వాత తేలింది. ఆ రైల్వే చేతులు మారి, ఆఖరికి దివాలా తీసింది. దాన్నీ, దానితో కలిసి ఉన్న చిన్న లైన్లనీ రైల్ వరల్డ్ అనే సంస్థ కొని ఎం.ఎం.ఏ. పెట్టింది. ఆ సంస్థ అధిపతి ఎడ్వర్డ్ బర్కార్ట్. అమెరికాలో విస్కాన్సిన్ సెంట్రల్ రైల్వేని నిలబెట్టిన మనిషి. న్యూజిలాండ్, ఇంగ్లండ్, ఎస్టోనియా రైల్వేల్లోనూ చేయి పెట్టాడు. పెద్ద కంపెనీలు వద్దనుకున్న లైను తీసుకోవడం, తక్కువ మందితో, పాత ఇంజన్లతో నడిపి లాభం తేవడం ఆయన పద్ధతి. చాలా చోట్ల పని చేసింది కూడా.

ఇక్కడ మొదటి నెలలోనే దెబ్బ తగిలింది. మిల్లినాకెట్, ఈస్ట్ మిల్లినాకెట్ ఊళ్లలోని గ్రేట్ నార్తర్న్ కాగితం మిల్లులు ఈ రైల్వేకి పెద్ద ఖాతాదారు. ఆ మిల్లు కంపెనీ 2003 జనవరిలోనే దివాలాకి దరఖాస్తు పెట్టుకుంది. తర్వాత చేతులు మారి కొన్నాళ్లు నడిచినా, 2008లో మిల్లినాకెట్ మిల్లు మూతపడింది. అప్పటికే ఇళ్ల నిర్మాణం పడిపోయి కలప రవాణా కూడా తగ్గింది. 2010లో ఎం.ఎం.ఏ. ఉత్తర మెయిన్‌లోని 233 మైళ్ల లైను వదిలేస్తానంది. మెయిన్ రాష్ట్రం దాన్ని సుమారు 2 కోట్ల డాలర్లకి కొని వేరే సంస్థకి నడపమని ఇచ్చింది. ఎం.ఎం.ఏ. దగ్గర ఐదు వందల మైళ్ల పైచిలుకు లైను మిగిలింది.

ఆ మిగిలిన దానిలో ముఖ్యమైన ముక్క మాంట్రియల్ వైపు నుంచి లాక్-మెగాంటిక్ మీదుగా మెయిన్ అడవుల్ని అడ్డంగా దాటే దారి. కెనడియన్ పసిఫిక్ రైల్వే 1889లో అట్లాంటిక్ తీరానికి దగ్గరి దారిగా తెరిచిన లైను అది. లాభం లేదని 1990ల్లో వదిలించుకుంది.

ఇక ఇంజన్లు. చిన్న రైల్వేకి కొత్త ఇంజన్ కొనే స్తోమత ఉండదు. ఎం.ఎం.ఏ. నడిపినవన్నీ పెద్ద రైల్వేలు వాడి వదిలేసినవే. వాటిలో జీఈ (జనరల్ ఎలక్ట్రిక్) తయారు చేసిన బి39-8 రకం ఇంజన్లు కొన్ని. వాటికో ముచ్చటైన గతం ఉంది. 1987లో ఎల్.ఎం.ఎక్స్. అనే లీజు సంస్థ వంద ఇంజన్లు కొని బర్లింగ్టన్ నార్తర్న్ రైల్వేకి అద్దెకిచ్చింది. అద్దె రోజుల లెక్కన కాదు, ఇంజన్ పుట్టించిన కరెంటు లెక్కన. ఇంట్లో మీటరు తిరిగినట్టన్నమాట. ఆ ఇంజన్లే కొన్ని చివరికి ఈ అడవి లైనుకి చేరాయి. వీటితో పాటు సి30-7లు. జీఈ 1976 నుంచి 1986 దాకా తయారు చేసిన రకం. ఆరు యాక్సిల్స్, 16 సిలిండర్ల ఎఫ్‌డీఎల్ ఇంజన్, 3,000 హార్స్ పవర్. మన డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజన్‌లో 2,600 అని గుర్తుంటే ఎంతటి ఇంజనో తెలుస్తుంది. 5017 వీటిలో ఒకటి. 1979లో తయారైంది. ప్రమాదం నాటికి దానికి 34 ఏళ్లు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. "పాత డొక్కు ఇంజన్లతో నడిపారు, అందుకే" అని చాలా మంది తేల్చేస్తారు. నేను ఒప్పుకోను. 34 ఏళ్ల ఇంజన్ నడపడం నేరం కాదు. మా షెడ్‌లోని ఆల్కో డీజిల్ ఇంజన్లు అంతకంటే ఎక్కువ ఏళ్లు నడిచాయి. సి30-7 గట్టి ఇంజన్. సవ్యంగా ఓవర్‌హాల్ చేస్తే ఇంకో పదేళ్లు లాగుతుంది. మెయిన్‌లోని డెర్బీలో వీళ్లకి పాత రైల్వే కట్టిన పెద్ద వర్క్‌షాపు కూడా ఉంది. లోటు వయసుది కాదు. ఓవర్‌హాల్‌కి కావాల్సిన డబ్బుది, రోజులది.

2012 అక్టోబరులో 5017 ఇంజన్ ఫెయిలై షాపుకి వచ్చింది. క్యామ్ షాఫ్ట్ బేరింగ్ కూర్చునే బోరు పాడైంది. పుస్తకం ప్రకారం చేయాలంటే ఇంజన్ విప్పాలి, బోరు మళ్లీ సైజుకి తేవాలి. ఖర్చు, రోజులు రెండూ ఎక్కువే. లైన్ మీద ఇంజన్ కావాలని ఒత్తిడి. ఎందుకంటే ఆ ఏడాదే కంపెనీకి అదృష్టం తిరిగింది. నార్త్ డకోటాలోని బాకెన్ క్షేత్రం నుంచి న్యూ బ్రన్స్‌విక్‌లోని సెయింట్ జాన్ రిఫైనరీకి ముడిచమురు రైళ్లు ఈ లైను మీదుగా వెళ్లడం మొదలైంది. కాగితం పోయిన చోట చమురు వచ్చింది. అలాంటప్పుడు ఇంజన్‌ని వారాల తరబడి షాపులో ఉంచడానికి ఎవరికి మనసొప్పుతుంది?

బోరుని ఎపాక్సీ లాంటి పాలిమర్‌తో నింపేశారు. మన ఇళ్లలో కారే పైపుకి ఎం-సీల్ ముద్ద పెట్టినట్టు. ఆ పదార్థానికి ఆ చోట కావాల్సిన బలం లేదు. తర్వాత బేరింగ్ బోల్టు అవసరానికి మించి బిగించారు. బేరింగ్ పగిలింది. దాంతో సిలిండర్ పైభాగంలోని వాల్వులకి వెళ్లే ఆయిల్ తగ్గింది. వాల్వులు దెబ్బతిన్నాయి. పిస్టన్ తలకి చిల్లు పడింది. ఆ చిల్లులోంచి లూబ్ ఆయిల్ సిలిండర్‌లోకి, అక్కడి నుంచి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లోకి, చివరికి టర్బో (ఎగ్జాస్ట్ జోరుతో తిరిగి ఇంజన్‌కి గాలి నెట్టే పరికరం) బాడీలోకి చేరింది. టర్బో ఎంత వేడెక్కుతుందో షెడ్‌లో పని చేసినవాళ్లకి చెప్పక్కర్లేదు. అక్కడ ఆయిల్ నిలిచిందంటే అంటుకోవడం ఎప్పుడన్నదే ప్రశ్న.

ఇంజన్ ముందే చెబుతూనే ఉంది. ఆర్‌పీఎం ఎగిరెగిరి పడడం, నల్లపొగ, తెల్లపొగ. మా షెడ్‌లో ఓసారి ఇలాగే తెల్లపొగ కొడుతున్న ఆల్కో వచ్చింది. లోకో పైలట్ బుక్ చేశాడు. రిపేర్ బుక్‌లో ఎదురుగా "చెక్డ్, ఓకే" అని సంతకం పడింది, ఇంజన్ సాయంత్రానికి లైన్ మీదకి పోయింది. ఆ సంతకం నాది కాదు. కానీ ఆ రోజు షెడ్‌లో నేనూ ఉన్నాను, నోరెత్తలేదు. అందుకే 5017 గురించి చదివినప్పుడు వాళ్ల మీద రాయి వేయడానికి నాకు చేయి రాలేదు.

ఇక ఆ రాత్రి. 2013 జులై 5, శుక్రవారం. ఎం.ఎం.ఏ.-002 అనే రైలు మధ్యాహ్నం క్యూబెక్‌లోని ఫార్నమ్‌లో బయలుదేరింది. ముందు 5017. వెనక రిమోట్ కంట్రోల్ పరికరాలున్న ఒక బండి. తర్వాత ఇంకో రెండు సి30-7లు, రెండు లీజు ఎస్‌డీ40-2లు, మొత్తం ఐదు ఇంజన్లు. వాటి వెనక బఫర్‌గా ఒక లోడు బాక్స్ వ్యాగన్, దాని వెనక 72 ట్యాంకర్లు. 77 లక్షల లీటర్ల ముడిచమురు. పొడవు 1,433 మీటర్లు, బరువు సుమారు 9,300 టన్నులు. నడిపేవాడు ఒక్కడే. 2012 జులై నుంచి కెనడా వైపు ఈ కంపెనీ ఒక్క మనిషితో రైళ్లు నడుపుతోంది.

దారంతా 5017 మొరాయిస్తూనే వచ్చింది. రాత్రి 10:50కి నాంట్ అనే చోట రైలుని ప్రధాన లైను మీదే ఆపాడు. పక్కన సైడింగ్ ఉంది, రైలు కదిలితే పట్టాలు దింపేసే డిరైల్ కూడా అక్కడ ఉంది. కానీ అందులో వేరే వ్యాగన్లు పెట్టి ఉంచేవారు. నాంట్ నుంచి లాక్-మెగాంటిక్ ఊరు 7 మైళ్ల పైచిలుకు, అంతా దిగుడు. సగటు వాలు 1.2 శాతం. మన లెక్కలో 1 ఇన్ 83, అంటే 83 అడుగులకి ఒక అడుగు దిగుడు. మన దగ్గర స్టేషన్ యార్డులో 1 ఇన్ 400 కంటే ఎక్కువ వాలు మామూలుగా ఒప్పుకోరు. క్లాసులో ఈ అంకె బోర్డు మీద రాయగానే కొత్తవాళ్లు కూడా ఒక్క క్షణం ఆగేవాళ్లు. కొత్తవలస-కిరండూల్ లైన్‌లో పనిచేసినవాళ్లయితే వెంటనే కాళ్ల కింద వాలు గుర్తుచేసుకునేవాళ్లు.

అతను ఏడు హ్యాండ్ బ్రేకులు వేశాడు. ఐదు ఇంజన్ల మీద, రిమోట్ బండి మీద, బఫర్ వ్యాగన్ మీద. 72 ట్యాంకర్లలో ఒక్కదాని మీదా లేదు. కంపెనీ సొంత రూలు ప్రకారమే తొమ్మిది వేయాలి. ఆ వాలు మీద ఆ బరువు నిలవాలంటే 17 నుంచి 26 దాకా కావాలని కెనడా రవాణా భద్రతా బోర్డు తర్వాత లెక్కగట్టింది. ఏడు బ్రేకులు ఇచ్చిన బలం కావాల్సిన దానిలో మూడో వంతు.

ఇక్కడే నా క్లాసులో ఎక్కువ సమయం పట్టేది. మరి అతనికి ఆ సంగతి ఎందుకు తెలియలేదు? హ్యాండ్ బ్రేకులు పట్టాయో లేదో చూసే పరీక్ష ఒకటుంది. బ్రేకులు బిగించాక ఇంజన్ గాలి బ్రేకు పూర్తిగా రిలీజ్ చేయాలి, ఇంజన్‌తో కొంచెం తోసి, కొంచెం లాగి చూడాలి. కదలకపోతే హ్యాండ్ బ్రేకులు పట్టినట్టు. అతను పరీక్ష చేశాడు, కానీ ఇంజన్లకి మాత్రమే పడే గాలి బ్రేకు, అంటే ఇండిపెండెంట్ బ్రేకు, వేసి ఉంచే చేశాడు. అంటే మన ఎస్ఏ-9 (ఇంజన్ బ్రేకు హ్యాండిల్) పెట్టి ఉంచి పరీక్ష చేయడం. ఐదు ఇంజన్ల గాలి బ్రేకు పట్టుకుని ఉంటే రైలు ఎందుకు కదులుతుంది? పరీక్ష పాసైంది. పాసైంది హ్యాండ్ బ్రేకులు కాదు, గాలి. వెనక ట్యాంకర్ల మీద ఆటోమేటిక్ బ్రేకూ, అంటే రైలంతటికీ పడే గాలి బ్రేకూ, వేయలేదు.

నాలుగు ఇంజన్లు ఆపేసి, 5017 ఒక్కటే ఆన్‌లో ఉంచాడు. గాలి నింపాల్సింది ఇక అదే. పొగ గురించి బాంగర్‌లోని కంట్రోలర్‌తో మాట్లాడాడు. పొద్దున చూద్దాం, అలాగే ఉండనీ అనుకున్నారు. టాక్సీ వచ్చింది. టాక్సీ అద్దం మీద ఆయిల్ చుక్కలు పడుతుండడం టాక్సీ డ్రైవర్ గమనించాడు. రైలు నడిపినవాడు అందులో హోటల్‌కి వెళ్లిపోయాడు.

11:40కి ఎవరో ఫోన్ చేశారు, ఇంజన్ మండుతోందని. నాంట్ ఫైర్ వాళ్లు వచ్చారు. ఇంధనం కట్ చేసి ఇంజన్ ఆపారు, మంట ఆర్పారు, రైల్వే చెప్పినట్టే ఇంజన్‌లోని కరెంటు బ్రేకర్లు కూడా దించారు. వాళ్లు చేసిందాంట్లో తప్పేమీ లేదు. రైల్వే తరఫున వచ్చింది ఒక ట్రాక్ ఫోర్‌మన్, ఇంజన్ల సంగతి తెలిసిన మనిషి కాదు. మిగతా నాలుగింటిలో ఒక్కదాన్నైనా స్టార్ట్ చేయాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. బ్రేకర్లు దించితే 5017లోని సేఫ్టీ పరికరం తానే బ్రేకు వేయాల్సింది. దాని వైరింగ్ అలా చేసి లేదు.

కంప్రెసర్ ఆగింది. గాలి కొంచెం కొంచెంగా కారడం మొదలైంది. ఇక్కడ కుర్రాళ్లు తప్పకుండా అడిగేవాళ్లు: "బ్రేక్ పైప్‌లో గాలి తగ్గితే బ్రేకు పడాలి కదా సార్?" పడాలి, గాలి గబుక్కున తగ్గితే. బొట్టుబొట్టుగా తగ్గితే వ్యాగన్ వాల్వు దాన్ని మామూలు లీకేజీ అనుకుంటుంది, పలకదు. అలా పలకకుండా ఉండేలాగే దాన్ని తయారు చేస్తారు, లేకపోతే దారిలో ప్రతి చిన్న లీకుకీ రైలు ఆగిపోతుంది. ఇంజన్ల బ్రేకు సిలిండర్లలో ఉన్న గాలీ అలాగే దిగిపోయింది. ఒంటిగంటకి కాస్త ముందు ఏడు హ్యాండ్ బ్రేకులు ఒంటరిగా మిగిలాయి. రైలు కదిలింది.

మనిషి లేని రైలు 65 మైళ్ల వేగం అందుకుంది, అంటే గంటకి 105 కిలోమీటర్లు. 1:15కి లాక్-మెగాంటిక్ ఊరి నడుమ 63 ట్యాంకర్లు పట్టాలు తప్పాయి. దాదాపు 60 లక్షల లీటర్ల చమురు బయటపడి అంటుకుంది. 47 మంది చనిపోయారు. శుక్రవారం రాత్రి కావడంతో మ్యూజీ-కఫేలో జనం ఉన్నారు, పోయినవాళ్లలో చాలా మంది అక్కడివాళ్లే. ఆ ట్యాంకర్లు క్లాస్ 111 రకం, పలచటి తొడుగు. ఇంజన్లు మాత్రం పట్టాలు తప్పలేదు. రైలు నుంచి తెగిపోయి ఊరు దాటి ముందుకెళ్లి ఎక్కుడులో ఆగాయి. దర్యాప్తువాళ్లకి 5017 చేతికి దొరికింది. విప్పి చూస్తే బోరులో ఆ పాలిమర్ కనిపించింది.

భద్రతా బోర్డు 2014 ఆగస్టులో నివేదిక ఇచ్చింది. 18 కారణాలు చూపింది. అందులో నాకు గుచ్చుకున్నది: కంపెనీ 2002లోనే సేఫ్టీ మేనేజ్‌మెంట్ పద్ధతి కాగితం మీద తయారు చేసింది, అమలు మొదలుపెట్టింది మాత్రం 2010లో. ప్రభుత్వ తనిఖీలు కూడా చాలినంత జరగలేదని చెప్పింది. ఒక్క మనిషి నడపడమే కారణమని చెప్పలేమంది. ఇక్కడ మాత్రం నాకు తృప్తి లేదు. తొమ్మిది గంటల డ్యూటీ తర్వాత, చీకట్లో, బ్యాలస్ట్ మీద నడుస్తూ, ట్యాంకర్ తర్వాత ట్యాంకర్ ఎక్కి దిగుతూ 17 చక్రాలు తిప్పడం ఒంటరి మనిషికి ఎలా ఉంటుందో రాత్రి డ్యూటీ చేసినవాళ్లకి తెలుసు. పక్కన ఇంకొకడుంటే కనీసం "బ్రో, ఇంజన్ బ్రేకు రిలీజ్ చేశావా?" అని అడిగేవాడు.

కంపెనీకి ఉన్న బీమా 2.5 కోట్ల కెనడా డాలర్లు. శుభ్రం చేయడానికే 20 కోట్లు దాటవచ్చన్నారు. 2013 ఆగస్టు 7న రెండు దేశాల్లోనూ దివాలా రక్షణకి వెళ్లింది. 2014 జనవరిలో వేలంలో ఫోర్ట్రెస్ అనే పెట్టుబడి సంస్థకి 1.585 కోట్ల డాలర్లకి పోయింది. పేరు సెంట్రల్ మెయిన్ అండ్ క్యూబెక్ అయింది. కొత్తవాళ్లు కెనడియన్ పసిఫిక్ దగ్గర వాడి దించిన ఎస్‌డీ40-2ఎఫ్ ఇంజన్లు కొన్నారు. ఎర్రటి గోదాముల్లా ఉంటాయని వాటికి 'రెడ్ బార్న్' అని ముద్దుపేరు. అంటే మళ్లీ సెకండ్ హ్యాండే. లైను బాగుచేశారు, బాగానే నడిపారు. 2020లో కెనడియన్ పసిఫిక్ ఆ కంపెనీని సుమారు 13 కోట్ల డాలర్లకి కొనుక్కుంది. లాభం లేదని పాతికేళ్ల కిందట వదిలించుకున్న దారిని మళ్లీ డబ్బిచ్చి తెచ్చుకుంది.

క్రిమినల్ కేసు ముగ్గురి మీద నడిచింది: ఇంజన్ నడిపిన మనిషి, కంట్రోలర్, ఆపరేషన్స్ మేనేజర్. 2018 జనవరిలో జ్యూరీ ముగ్గురినీ నేర నిర్లక్ష్యం అభియోగం నుంచి విడుదల చేసింది. ఈ విషయం చెబితే క్లాసులో కొందరు నొచ్చుకునేవాళ్లు, కొందరు ఊపిరి పీల్చుకునేవాళ్లు.

ఇదంతా ఎక్కడో కెనడాలో అనుకునే కుర్రాళ్లకి చెప్పడానికి ఇప్పుడు మన కేసు కూడా ఉంది. 2024 ఫిబ్రవరి 25న జమ్మూలోని కఠువా స్టేషన్లో నిలిపిన కంకర రైలు మనిషి లేకుండా బయలుదేరి 70 కిలోమీటర్లు దాటి పంజాబ్‌లో ఆగింది. వాలు మీద నిలిపి, సరిగా కట్టకుండా దిగిపోవడమే మూలం. అదృష్టం బాగుండి ఎవరికీ ఏమీ కాలేదు.

థియరీ అయ్యాక పిల్లల్ని యార్డుకి తీసుకెళ్లేవాణ్ణి. ఒక లోడు రైలు దగ్గర నిలబెట్టి హ్యాండ్ బ్రేకు చక్రం తిప్పమనేవాణ్ణి. బిగిసిందనిపించాక ఇంకో అర చుట్టు వస్తుంది, ఎప్పుడూ వస్తుంది. తర్వాత కిందకి దిగి, బ్రేక్ బ్లాకు చక్రాన్ని ఆనుకుందో లేదో చేత్తో తాకి చూడమనేవాణ్ణి. అప్పుడు ఇంజన్‌లో ఉన్నవాణ్ణి ఎస్ఏ-9 రిలీజ్ చేయమనేవాణ్ణి. గాలి సుయ్‌మని పోయాక ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు, చక్రం వైపే చూడాలి. రెండో నిమిషానికి ఒకడు ఫోన్ తీసేవాడు. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టించేవాణ్ణి.